మా కారు ముఖం

మా కారుకు వయస్సు మీరిందని నాకు మొదట తెలియజేసినవాడు మా బావమరిది. గుంటూరునుంచి వస్తూ ముందు సీట్లో కూర్చుని, చెయ్యి డాష్‌బోర్డు మీద ఆనించాడు. మంగళగిరి దాటేసరికి జానెడు ముక్క ఊడి అతని ఒళ్లో పడింది. "బావగారూ, ఇది మీదే కాబోలు!" అంటూ వినయంగా నాకు అందించాడు. వెనక సీట్లో ఉన్న మా ఆవిడ నవ్వలేదు. పుట్టింటివారి ఎదుట జరిగిన అవమానం మరి!

1996లో ప్రావిడెంటు ఫండులో అప్పు తీసి కొన్న మారుతీ 800 మాది. ఆ డాష్‌బోర్డు అలా అయిందంటే తప్పు బండిది కాదు, బెజవాడ ఎండది. అద్దంలోంచి లోపలికి వచ్చిన వేడి బయటికి పోదు. ఎండలోని కంటికి కనిపించని కిరణాలు ప్లాస్టిక్కును పెళుసు చేస్తాయి. పగలు సాగి, రాత్రి ముడుచుకుని, ఇన్నేళ్లకు అది ఎండిన చెరువులా బీటలు వారింది. మా ఆవిడ ముఖమల్ గుడ్డ కుట్టి పైన పరిచింది గాని, గుడ్డ కింద గోతులు దాగుతాయా?

ఆ మాటకొస్తే కారు అమ్మేద్దామనే అనుకుంటున్నాం. పదిహేనేళ్లు నిండాక రిజిస్ట్రేషను పొడిగించుకోవాలి, తరవాత అయిదేళ్లకొకసారి మళ్లీ అదే తతంగం. నా కళ్లు కూడా మునుపటిలా లేవు. మా వీధి చివర ఉండే కుర్ర మాస్టారు బండి కావాలని అడిగాడు. వాళ్ల అమ్మగారిని వారానికి రెండుసార్లు ఆసుపత్రికి తీసుకువెళ్లాలి, ఆటోల్లో ఆవిడ కూర్చోలేకపోతోంది. యాభైవేలు చెప్పాను. ఆదివారం వచ్చి చూస్తానన్నాడు.

"పెళ్లిచూపులకు పిల్లను ఈ ముఖంతో ఎలా కూర్చోబెడతారండీ?" అంది మా ఆవిడ.

అలా ఆటోనగర్ ప్రయాణం కట్టాను. ఈ బండ్లు 1983 డిసెంబరులో రోడ్డెక్కితే, 2014 జనవరిలో తయారీ ఆగిపోయింది. కొత్త డాష్‌బోర్డు కోసం తిరగడం కంటె పాత సామాన్ల కొట్లలో వెతకడమే మేలన్నాడు మేస్త్రి. నాలుగు కొట్లు తిరిగాక, వెనకభాగం నుజ్జయిన ఒక బండిలో మా బండికి సరిపోయేది దొరికింది. చిన్న గీతయినా లేదు. మీటరుతో సహా మూడువేలు.

డాష్‌బోర్డు మార్చడమంటే పలక మార్చడం అనుకున్నాను. కాదు, అది పెద్దాపరేషను! ముందు బ్యాటరీ వైరు విప్పాడు. స్టీరింగు నట్టు తీసేముందు కడ్డీ మీద సుద్దతో గీత పెట్టాడు, మళ్లీ బిగించినప్పుడు చక్రం వంకరపోకుండా. మీటరు వెనక చెయ్యి పెట్టి, గేరుబాక్సు నుంచి వచ్చే స్పీడోమీటరు కేబులు ఊడదీశాడు. పనికుర్రాడు ఒక్కొక్క వైరుకు ఒక్కొక్క రంగు దారం కట్టాడు. స్క్రూలన్నీ ఒక డబ్బాలో పోస్తే దేని పొడుగు దేనిదో తెలియదని మూడు డబ్బాలు పెట్టాడు. గంటన్నరకు పాత డాష్‌బోర్డు నేల మీదికి వచ్చింది. లోపల వైర్లు, రేకు, ధూళి! ఇరవై ఎనిమిదేళ్లకు పైగా నా ఎదుట ఉన్న ముఖం వెనక ఇంత బీదతనమా అనిపించింది.

సాయంత్రానికి కొత్త ముఖం అమిరింది. తాళం తిప్పాను. దీపాలన్నీ వెలిగాయి. మీటరులో అంకెలు చూసి తెల్లబోయాను. నా బండి 87,652 కిలోమీటర్లు తిరిగింది. ఇక్కడ 41,306 అని ఉంది.

"మీ అదృష్టం సార్," అన్నాడు మేస్త్రి. "ఈ అంకె చూస్తే ఇంకో పదివేలు కళ్లకద్దుకుని ఇస్తారు."

నేనేమీ అనలేదు. ఆ అనకపోవడమే వచ్చింది చిక్కు.

ఆదివారం మాస్టారు వచ్చాడు. తలుపు తీసి చూసి, "అబ్బ, నలభై ఒక్కవేలేనా! ఎంత పదిలంగా వాడారు బాబాయిగారూ!" అన్నాడు. నా నోటివెంట మాట రాలేదు. మా ఆవిడ కాఫీ ఇచ్చింది. బేరం కూడా ఆడకుండా అయిదువేలు బయానా చేతిలో పెట్టి వెళ్లిపోయాడు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ధర్మసూక్ష్మాలు గుర్తొచ్చి కాదు, టైమింగు బెల్టు గుర్తొచ్చి. ఇంజనులో అదొక రబ్బరు పట్టీ. ఇన్ని వేల కిలోమీటర్లకని మీటరు చూసి లెక్కపెట్టి మార్చాలి. మాకు దాని గడువు దగ్గరపడింది. ఆ కుర్రాడు కొత్త అంకె నమ్మి, ఇంకా చాలా టైముందనుకుంటాడు. ఏ మధ్యాహ్నమో వారధి మీద పట్టీ తెగితే ఇంజను ఉన్నపళంగా ఆగిపోతుంది. ముందు సీట్లో ఉండేది వాళ్ల అమ్మ.

తెల్లవారకుండానే ఆటోనగర్ వెళ్లాను. పాత మీటరు ఇంకా ఇనపతుక్కు బుట్టలోనే ఉంది. "దీన్నే బిగించవయ్యా," అంటే మేస్త్రి నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. నాలుగు స్క్రూలు, ఒక కేబులు, రెండు కనెక్టర్లు. అరగంట పని. తీసిపెట్టినందుకు డబ్బు కూడా తీసుకోలేదు.

తరవాత మాస్టారి ఇంటికి నడిచి వెళ్లి, ఉన్నదున్నట్టు చెప్పి బయానా తిరిగి ఇచ్చాను. అతడు డబ్బు లెక్కపెట్టుకుని, "నిన్ననే చెప్పి ఉంటే బాగుండేది బాబాయిగారూ," అన్నాడు. అంతకంటె ఏమీ అనలేదు. నేను తల వంచుకుని వచ్చేశాను.

పది రోజులు అతని జాడ లేదు. మా ఆవిడ కారు మాటే ఎత్తలేదు. దాని అర్థం సంసారులందరికీ తెలిసిందే. పదకొండో రోజు సాయంత్రం తనకు తెలిసిన మెకానిక్కును వెంటబెట్టుకుని వచ్చాడు. ఆ మెకానిక్కు బానెట్టు ఎత్తి, కిందికి దూరి, ఇంజను చప్పుడు విని, చివరికి తల ఊపాడు. బెల్టు నా ఖర్చు మీద మార్పించాలి, ధర నలభై రెండువేలు అన్నాడు మాస్టారు. సరేనన్నాను.

వాళ్లు వెళ్లాక మా ఆవిడ వేళ్ల మీద లెక్క వేసింది. "డాష్‌బోర్డుకు మూడువేలు. ధరలో ఎనిమిదివేలు. బెల్టు ఖర్చు వేరే. ముఖం దిద్దడానికి ఇంత అవుతుందని ముందే తెలిస్తే ఆ ముఖమల్ గుడ్డే ఉంచేసేదాన్ని కదండీ!"

నిన్న మా ఇంటి ముందునుంచే వెళ్లింది కారు. ముందు సీట్లో మాస్టారి అమ్మగారు కూర్చుని ఉన్నారు. ఆవిడ చెయ్యి డాష్‌బోర్డు మీదే ఉంది.