రంగు కాదు... ముందు రబ్బరు!

పాత కారు బాగు చేయిస్తున్నానంటే ఫ్రెండ్స్ అందరూ అడిగేది ఒకటే... ‘ఏం రంగు వేయిస్తున్నావ్?’ అని. రంగుదేముంది బాస్, ముందు రబ్బరు సంగతి చూడాలి!

మాది నాన్న ఏళ్ల తరబడి నడిపిన అంబాసిడర్. ఉత్తరపారా ఫ్యాక్టరీలో దీని తయారీ 2014లోనే ఆగిపోయింది. ఎండకి ఎండి ముందు అద్దం బీడింగ్ రాయిలా గట్టిపడింది, పగుళ్లిచ్చింది. వాన పడితే నీళ్లు లోపలికి కారి, మ్యాట్ కింద నిలిచి, ఫ్లోర్‌కి తుప్పు మొదలైంది. అలాగే వదిలేస్తే ఇక తుక్కుకే. నాన్నకి మాత్రం ఇందులోనే ఊరెళ్లాలని ఆశ.

ఫ్రేమ్ అంచు మీది పాత జిగురు, తుప్పు గీకేశాం. కొత్త బీడింగ్‌ని ముందు అద్దానికి తొడిగి, ఫ్రేమ్‌ అంచు కూర్చునే గాడిలో చుట్టూ సన్నని నైలాన్ తాడు పెట్టాం. సబ్బునీళ్లు రాసి అద్దాన్ని ఆనించాం. బయట నుంచి నాన్న అరచేత్తో నొక్కుతుంటే, లోపల కూర్చుని నేను మెల్లగా తాడు లాగాను. లాగినంత మేరా రబ్బరు అంచు మీదకి ఎక్కి కూర్చుంది.

జారడానికి గ్రీజు మాత్రం రాయకండి, రబ్బరు ఉబ్బిపోతుంది. డోర్ రబ్బరు సాగదీసి అతికించకండి. తర్వాత ముడుచుకుని మూలల్లో సందు వస్తుంది.

చివర్లో పైపుతో నీళ్లు కొట్టాను. నాన్న లోపల కూర్చుని మ్యాట్ కింద చెయ్యిపెట్టి చూశారు.

‘‘పొడిగానే ఉందిరా. ఆదివారం ఊరెళ్దామా?’’