మేకు తుపాకీ - మా అమ్మ గది

మేకు దిగగొట్టడానికి సుత్తి వుండగా యంత్రం దేనికండీ అని మీరడగవచ్చు. కిందటి వేసవి దాకా నేనూ అదే మాట అనేవాణ్ణి. రెండు కాగితాలను కలిపి గుండుసూది గుచ్చడం తప్ప నాబోటి గుమాస్తాకు మరో బిగింపు విద్య తెలియదు. అలాంటివాణ్ణి గాలితో మేకులు కొట్టే యంత్రాల గురించి వ్రాయబూనడం సాహసమే. కాని మా బ్రహ్మపురంలోనూ, ఈ తీరం పొడుగునా వున్న మన కుటుంబాల్లోనూ మేడమీద రేకుల గది వేసుకున్నవారు చాలామంది వున్నారు. వారిలో ఒక్కరికి పనికివచ్చినా చాలునని వ్రాస్తున్నాను.

మా ఇంటికి కింద శ్లాబు, పైన ఒక రేకుల గది. నాన్నగారు పోయిన తరువాత అమ్మ ఆ గదిలోకి మకాం మార్చింది. తులసికోట, గాలి, తన పుస్తకాల పెట్టె, అన్నీ అక్కడే. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాలపురం దగ్గర తీరం దాటింది. గాలి వేగం గంటకు 200 కిలోమీటర్ల పైమాటే. ఆ మధ్యాహ్నమే అమ్మను బతిమాలి కిందికి దింపాము. తెల్లవారి పైకి వెళ్లి చూస్తే నాలుగు గోడలూ, ఆకాశమూ వున్నాయి. రేకులు ఊడిపోవడం కాదు, వాసాలతో సహా కప్పు మొత్తం లేచిపోయింది. పుస్తకాల పెట్టెలో నీళ్లు నిలిచాయి.

ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. ఆ గది వేయించినప్పుడు ఒక్కొక్క వాసానికి చివర నాలుగు మేకులు కొట్టాలని మిస్త్రీ అన్నాడు. "రెండు చాలులే మౌసా" అన్నాను నేను. అందులో మిగిలింది ఎంతో చెప్పుకోవడానికి కూడా సిగ్గు. ఆ మాట ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. అమ్మ మాత్రం అప్పటినుంచి హాలులో, బట్టల దండెం అవతల మంచం వేసుకుని సర్దుకుంది. కిందటి వేసవిలో గాని పైగది మళ్లీ వేయించే తాహతు కుదరలేదు.

ఈసారి అమెరికాలో ఇళ్లు కట్టే ఒక కంపెనీలో లెక్కలు చూసే మా మేనల్లుణ్ణి ఫోనులో అడిగాను. "మావయ్యా, గాలి కప్పును తొయ్యడమే కాదు, పైకి పీలుస్తుంది కూడా. పైనుంచి నిలువుగా కొట్టిన మేకు అలా లాగితే ఊడి వస్తుంది. వాసాన్నీ, గోడమీది దూలాన్నీ కలిపి పట్టే ఇనప పట్టీ వేసి, దానికి పక్కనుంచి అడ్డంగా మేకులు కొట్టించు. అప్పుడు కప్పు లేవాలంటే మేకులు తెగాలి, లేదా కర్ర చీలాలి" అన్నాడు. ఆ పట్టీ బలమంతా మేకుల్లోనే వుందట. ఎన్ని కన్నాలు వుంటే అన్నిట్లోనూ మేకు పడాలి, దానికి నిండు గుండ్రటి తల వుండాలి. అక్కడ ఇలాంటి పట్టీలకు 3.3 నుంచి 4.1 మిల్లీమీటర్ల దాకా లావుండే మేకులు వాడతారు.

సరే, వాసాలు 8. రెండు చివరలకూ కలిపి పట్టీలు 16. ఒక్కొక్క పట్టీకి కన్నాలు 10. వెరసి 160 మేకులు. గుత్తకు ఒప్పుకున్న కుర్రాడు పెట్టెలు కొట్టే కారఖానానుంచి ఒక మేకు తుపాకీ, దానికి గాలి యంత్రం పట్టుకొచ్చాడు. టపటపమని అరగంటలో ఒక వైపు పూర్తిచేసి టీ తాగడానికి వెళ్లాడు. మా ముసలి మిస్త్రీ మౌసా మాత్రం నిచ్చెన ఎక్కి చూసి, ఏమీ అనకుండా దిగి, "బాబూ, నువ్వోసారి చూడు" అన్నాడు.

నాకు వచ్చిన విద్య ఒకటే, సరిచూడడం. ఎర్ర పెన్సిలు పట్టుకుని ఎక్కాను. 80 కన్నాలలో మేకు పడినవి 31. తక్కినవి కొన్ని కన్నం పక్కన రేకును చీల్చుకుని దిగాయి, కొన్ని వంగిపోయాయి, కొన్ని వాసానికి తగలకుండా పక్కనుంచి గాలిలోకి పోయాయి. పైగా అవి పెట్టెలకు వాడే సన్నమేకులు. కుర్రాణ్ణి అని లాభం లేదు. ఆ తుపాకీ మూతి కన్నాన్ని పూర్తిగా కప్పేస్తుంది. కొట్టేవాడికి కన్నం కనపడదు, మేకు దేనికి తగిలిందో చేతికి తెలియదు. ఇనుముకు తగిలిన మేకు వెనక్కి ఎగిరి కంటికి కొట్టినా దిక్కులేదు.

ఆ రాత్రి మేనల్లుడు మరో సంగతి చెప్పాడు. 1992 ఆగస్టు 24న ఆండ్రూ అనే తుఫాను దక్షిణ ఫ్లోరిడా మీద పడింది. కప్పులు ఎగిరిపోయిన ఇళ్లను తరువాత పరీక్షించి చూస్తే, కొన్నిట్లో యంత్రంతో గబగబా కొట్టిన మేకులు కింది వాసానికి తగలనే లేదట. పైనుంచి చూసేవారికి వరసగా ముచ్చటగానే కనిపించాయి. ఆ తరువాత అక్కడ నిబంధనలు గట్టిపరిచారు.

ఈ పనికి తగిన యంత్రాలు రెండు రకాలని వివరించాడు. ఒకటి, మేకు మొన ముందుగా బయటికి వచ్చే తుపాకీ. ఆ మొనను పట్టీ కన్నంలో పెట్టి, మూతి అదిమి, ఆ తరువాతే మీట నొక్కాలి. మీట పట్టుకుని వుంచితే తగిలినచోటల్లా పేలేది ఇలాంటి పనికి కూడదు. రెండోది తుపాకీ కానే కాదు. దబ్బపండంత యంత్రం, అరచేతిలో ఇమిడిపోతుంది. మూతిలోని అయస్కాంతం మేకు తలను పట్టుకుంటుంది. మొన కన్నంలో పెట్టి అదిమితే వడ్రంగిపిట్టలా టకటకా కొట్టి దించుతుంది. ఒకసారికి ఒకే మేకు.

వేల మేకులు కొట్టే గుత్తేదారుకు మొదటిది లాభం. నాకు కావలసినవి 160. మాది గట్టి సాల కర్ర. దానిలో ముందుగా సన్నటి డ్రిల్లుతో దారి చెయ్యకపోతే ఏ మేకైనా వంగుతుంది, లేదా కర్ర చీలుతుంది. ఇక సుత్తితోనే కొట్టించవచ్చుగా అంటే, వాసానికీ గోడకూ మధ్య సుత్తి ఊపే చోటు లేదు, మౌసా భుజం కూడా మునుపటిలా లేవడం లేదు. అందుచేత అరచేతి యంత్రం తెప్పించాను. రంగులు చల్లే మిస్త్రీ దగ్గర గాలి యంత్రం రెండు రోజులకు అద్దెకు దొరికింది. మేకులు, పట్టీలు రెండూ వేడి జింకులో ముంచినవే కొన్నాను. సముద్రపు గాలికి ఒకటి మంచిదై రెండోది నాసిదైతే తుప్పు అక్కడే మొదలవుతుంది. పాడైన పట్టీలు తీయించి, కొత్తవి వాసానికి అవతలివైపు పచ్చి కర్ర మీద వేయించాను.

మౌసా కళ్లజోడు పెట్టుకుని కొట్టడం, నేను ఒక్కొక్క తల పక్కన ఎర్ర టిక్కు పెట్టడం. రెండు రోజులు పట్టింది. అమ్మ కింద కుర్చీలో కూర్చుని సగం ఒడియాలో, సగం తెలుగులో లెక్క అడుగుతూ వుండేది. ఒడియాలో మేకును కంటా అంటారు, ముల్లును కూడా కంటా అనే అంటారు.

160వ టిక్కు పెట్టి దిగాక, అమ్మ పక్కన కూర్చుని ఆ రెండు మేకుల సంగతి చెప్పేశాను.

"తెలుసురా" అంది అమ్మ. "మౌసా అప్పుడే చెప్పాడు."

"మరి నన్ను అడగలేదేం?"

"ఆ నెల పెద్దదాని బడి ఫీజు కట్టావు. ఏమని అడగను?"

మౌసా నిచ్చెన మడుస్తూ అటు తిరిగి నిలబడ్డాడు.

అమ్మ ఇప్పుడు పైగదిలోనే పడుకుంటోంది. పెద్దగాలి ఇంకా పరీక్ష పెట్టలేదు, తుఫాను హెచ్చరిక వస్తే ఎన్ని మేకులున్నా ఆవిడను కిందికి దింపుతాను. కప్పు వేయించుకునే సోదరులకు నా మనవి ఇంతే: యంత్రం ఏదైనా, కన్నం కనిపించేది ఎంచుకోండి. పని అయ్యాక డబ్బు ఇచ్చేముందు ఒక ఎర్ర పెన్సిలు పట్టుకుని నిచ్చెన ఎక్కండి.