నా డేటాలో సత్యం లేదు

ముందే చెప్తున్నా, షేర్లలో కోటీశ్వరుడు ఎలా అవ్వాలో చెప్పే వ్యాసం కాదిది. 23,600 రూపాయలు ఎలా పోగొట్టుకున్నానో, పోయాక ఏం చదివానో చెప్పే వ్యాసం. ఆ డబ్బు నాది కూడా కాదు. కొత్త ల్యాప్‌టాప్ కొనుక్కోమని బాపు ఇచ్చిన 45,000లోది.

మాది కాగజ్‌నగర్. కాగజ్ అంటే ఉర్దూలో కాగితం. నిజాం కాలంలో, 1938లో, సిర్పూర్ పేపర్ మిల్స్ పెట్టాక ఊరికి ఆ పేరు వచ్చింది. బాపుకు జిరాక్స్, స్టేషనరీ షాపు ఉంది. అంటే కాగితం ఊళ్లో కాగితం అమ్ముకునే వాళ్లం. చిన్నప్పటి నుంచి ఇంగ్లిష్ మీడియం కాబట్టి నా తెలుగులో తప్పులుంటే క్షమించండి. లెక్కల్లో తప్పులుంటే మాత్రం కచ్చితంగా చెప్పండి. ఈ కథంతా లెక్కలో జరిగిన తప్పు గురించే.

సెకండియర్ మొదట్లో నన్నెవరో ఒక ట్రేడింగ్ చాట్ గ్రూప్‌లో యాడ్ చేశారు. రోజూ స్క్రీన్‌షాట్లే. ఒకరికి 12,000 లాభం, ఇంకొకరికి 40,000. అన్నీ ఆకుపచ్చ అంకెలే. నేను అంత ఈజీగా పడిపోయే రకం కాదనుకున్నా. కంప్యూటర్ సైన్స్ కదా, ప్రూఫ్ కావాలి. అందుకే పైథాన్‌లో ఒక బ్యాక్‌టెస్ట్ రాశా. నిఫ్టీలో ఉన్న 50 కంపెనీల లిస్ట్ తీసుకుని, 2008 జనవరి నుంచి వాటి ధరలు డౌన్‌లోడ్ చేశా. రెండు మూవింగ్ యావరేజ్‌లు ఒకదాన్నొకటి దాటినప్పుడు కొనాలి, మళ్లీ దాటినప్పుడు అమ్మాలి. ఎన్ని రోజుల యావరేజ్ తీసుకోవాలో తెలియక ఓ నలభై రకాలుగా రన్ చేసి, అన్నిటికంటే బాగా వచ్చింది ఉంచుకున్నా. ఏటా 31 శాతం చూపించింది.

రాత్రి రెండింటికి రూమ్‌మేట్‌ని లేపి మరీ చూపించా.

విచిత్రం ఏంటంటే, ఏటా 31 శాతం కూడా నాకు స్లో అనిపించింది. అదే సిగ్నల్‌తో నిఫ్టీ వీక్లీ ఆప్షన్లు కొంటే తొందరగా వస్తుంది కదా అనుకున్నా. ఆప్షన్‌కు గడువు ఉంటుంది. గడువు దగ్గరపడే కొద్దీ దాని ధరలో టైమ్‌కు ఉన్న విలువ కరిగిపోతుంది. మార్కెట్ మనం అనుకున్న వైపే పోయినా, ఆలస్యంగా పోతే మన డబ్బు పోవచ్చు. ఈ మూడు వాక్యాలు నాకప్పుడు తెలియవని కాదు. తెలిసినా పట్టించుకోలేదు. మొదటి వారం 4,200 లాభం వచ్చింది. రూమ్‌లో అందరికీ బిర్యానీ. తర్వాత ఆరు వారాల్లో ఆ లాభం పోయింది, దాని వెనకాలే 23,600 పోయింది.

దసరా సెలవులకు భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్‌లో ఇంటికి పోతుంటే దారంతా ఒకటే ప్రాక్టీస్, బాపుకు ఎలా చెప్పాలా అని. చివరికి షాపులో, ఆయన ఎవరిదో ఆధార్ కార్డు లామినేషన్ చేస్తుంటే చెప్పేశా.

"బాపూ, ల్యాప్‌టాప్ పైసలల్ల ఇరవై మూడు వేల ఆరు వందలు పోయినయ్."

"ఏడ పడిపోయినయ్‌రా?"

"పడిపోలే. షేర్లల్ల పెట్టిన."

ఆయన కార్డు అంచులు కత్తిరించి, కస్టమర్‌కు ఇచ్చి, చిల్లర లెక్కబెట్టి పంపించాడు. తిడితే బాగుండు అనిపించింది. కాసేపటికి అడిగాడు: "ఆ గ్రూపుల పోయినోళ్లు ఎందరున్నరు?"

"ఎవ్వరూ చెప్పలే బాపూ."

"గట్లెట్లుంటది? మా చిట్టీలనే ఇరవై మందిల ఇద్దరు ముగ్గురు ఎగ్గొడ్తరు."

మరుసటి రోజు కౌంటర్ కింద సర్దుతుంటే ఒక పాత ఉద్దెర ఖాతా పుస్తకం దొరికింది. 2014ది. ఆ ఏడాది మిల్లు మూతపడింది. నేనప్పుడు మూడో తరగతి. నాలుగేళ్లు మూతపడే ఉండి, 2018లో జేకే పేపర్ చేతికి వచ్చాక మళ్లీ నడిచింది. ఆ నాలుగేళ్లలో మా షాపులో ఎక్కువగా జిరాక్స్ తీసినవి బయోడేటాలు. నోట్‌బుక్కులు ఉద్దెరకు తీసుకుపోయిన వాళ్లలో కొందరు ఊరు విడిచి పోయారు. ఆ పేర్లు పుస్తకంలో అట్లాగే ఉన్నాయి. "ఇవి ఇగ రావు కదా, కొట్టెయ్యరాదా?" అన్నా. బాపు తల కూడా ఎత్తకుండా, "కొట్టేస్తే ఎంత పోయిందో ఎట్ల తెలుస్తది?" అన్నాడు.

ఆ మాటకు నాకు నా కోడ్ గుర్తొచ్చింది.

ఇంటి దగ్గర నెట్ స్లో. అయినా ఆ రాత్రి ఫైల్ తెరిచి కంపెనీల లిస్ట్ చూశా. అది ఈనాటి నిఫ్టీ లిస్ట్. నా టెస్ట్ మాత్రం 2008 నుంచి. అంటే ఇన్నేళ్లు బతికి, పెరిగి, పెద్దవైన కంపెనీలనే ఏరుకుని, పాత తేదీకి పోయి "ఇవి కొంటే ఎంత వచ్చేది?" అని అడిగానన్నమాట. రిజల్ట్స్ వచ్చాక పాసైన వాళ్లను మాత్రమే కూర్చోబెట్టి పాస్ పర్సెంటేజ్ తీసినట్టు.

2008 జనవరిలో నిఫ్టీలో సత్యం కంప్యూటర్స్ ఉంది. నా ఫైల్లో లేదు. మన హైదరాబాద్ కంపెనీ, మన సీనియర్లకు సీనియర్లు ఉద్యోగం కోసం కలలు కన్న కంపెనీ. 2009 జనవరి 7న ఛైర్మన్ రామలింగరాజు లెక్కల్లో లేని డబ్బు ఉన్నట్టు చూపించామని ఉత్తరం రాశారు. ఆ ఒక్క రోజే షేరు విలువలో మూడొంతులకు పైగా పోయింది. కొద్ది రోజుల్లోనే సత్యాన్ని నిఫ్టీ నుంచి తీసేశారు. 2020 మార్చిలో యెస్ బ్యాంక్‌ను కూడా అలాగే తీసేశారు. నా డేటాలో అదీ లేదు. దీన్ని సర్వైవర్‌షిప్ బయాస్ అంటారని తర్వాత చదివా. కాగజ్‌నగర్‌లో దీనికి పేరు అక్కర్లేదు. మా ఊళ్లో సర్‌సిల్క్ కాలనీ ఉంది. ఆ సర్‌సిల్క్ మిల్లు నేను పుట్టక చాలా ముందే మూతపడింది. మిల్లు పోయినా కాలనీకి పేరు మిగిలింది. ఊరు దాన్ని కొట్టెయ్యలేదు.

రెండో తప్పు మనందరికీ మెషిన్ లెర్నింగ్ క్లాసులో చెప్పిందే. నలభై రకాలు ట్రై చేసి బెస్ట్ ఉంచుకున్నా కదా, అది ఓవర్‌ఫిట్టింగ్. సగం డేటా పక్కన పెట్టి, మొదటి సగంలో గెలిచిన రూల్‌ని రెండో సగం మీద నడిపితే, ఊరికే కొని కూర్చున్న దానికంటే తక్కువొచ్చింది. బ్రోకరేజ్, పన్నులు కలిపితే ఇంకా తక్కువ. ఎగ్జామ్‌లో ట్రెయిన్, టెస్ట్ స్ప్లిట్ గురించి పది మార్కుల ఆన్సర్ రాసినోణ్ని, బాపు డబ్బు దగ్గరకొచ్చేసరికి మర్చిపోయా.

అప్పుడు పోయినోళ్ల లెక్క ఎక్కడుందో వెతికా. సెబీ దగ్గర ఉంది. 2024 సెప్టెంబర్‌లో వచ్చిన స్టడీ ప్రకారం, 2021-22 నుంచి మూడేళ్లలో ఎఫ్ అండ్ ఓ ట్రేడింగ్ చేసిన కోటి మందికి పైగా వ్యక్తుల్లో 93 శాతం మందికి నష్టమే. అందరిదీ కలిపి 1.8 లక్షల కోట్లకు పైగా. ఖర్చులు పోను లక్ష దాటి లాభం చూసింది 1 శాతం మంది. 2023-24లో ఈ ట్రేడర్లలో 43 శాతం మంది ముప్పై ఏళ్ల లోపు వాళ్లు. అంటే మనమే. మరి ఎవరికి వచ్చింది? పెద్ద సంస్థలకు. విదేశీ ఇన్వెస్టర్ల లాభాల్లో 97 శాతం ఆల్గో ట్రేడింగ్ నుంచి వచ్చిందట. నేను హాస్టల్ వైఫైతో, చార్జింగ్ నిలవని ల్యాప్‌టాప్‌తో పోటీ పడింది వాళ్లతో.

సరే, ఆప్షన్లు వద్దు. మంచి షేర్లు ఏరుకుంటే? దానికీ పాత సాక్ష్యం ఉంది. అమెరికాలో బార్బర్, ఓడియన్ అనే ఇద్దరు ప్రొఫెసర్లు 1991 నుంచి 1996 వరకు 66,465 కుటుంబాల ట్రేడింగ్ ఖాతాలు చూశారు. అందరికంటే ఎక్కువగా కొని అమ్మిన వాళ్లకు ఏటా 11.4 శాతం వచ్చింది. అదే కాలంలో మార్కెట్ ఇచ్చింది 17.9 శాతం. విలియం షార్ప్ అనే నోబెల్ ఆర్థికవేత్త 1991లో రాసిన చిన్న పేపర్ నాకు ఇంకా నచ్చింది, ఎందుకంటే అందులో ఉన్నది కూడికలు, తీసివేతలే. మార్కెట్ అంటే అందులో డబ్బు పెట్టినవాళ్లందరి మొత్తం. కొందరు మార్కెట్‌ను ఉన్నది ఉన్నట్టు కొని కూర్చుంటే వాళ్లకు మార్కెట్ సగటు వస్తుంది. మిగిలిన తెలివైన వాళ్లందరిదీ కలిపినా, ఖర్చులు తీయకముందు, వచ్చేది అదే సగటు. ఖర్చులు తీస్తే వాళ్ల సగటు కిందికి పోతుంది. ఒకరు సగటును దాటితే ఇంకొకరు అంత కింద ఉండాలి. ఆ కింద ఉండేది నేను కాదని నమ్మడానికి నా దగ్గర ఏ ప్రూఫూ లేదు.

ఇండెక్స్ ఫండ్ ఐడియా ఇదే. జాన్ బోగల్ 1976లో వాన్‌గార్డ్‌లో మామూలు జనం కోసం మొదలుపెట్టాడు. అప్పుడు చాలామంది నవ్వారు. ఫండ్ మేనేజర్ ఏదీ ఏరడు, ఇండెక్స్‌లో ఏముంటే అది కొంటాడు. సత్యం లాంటిది పడితే ఆ దెబ్బ మనకూ తగులుతుంది, కానీ యాభైలో ఒక ముక్కకే. రిస్క్ లేదని మాత్రం అనుకోకండి. 2020 జనవరి నుంచి మార్చి 23 వరకు నిఫ్టీ 38 శాతం పడింది. అందుకే రెండు మూడేళ్లలో కావాల్సిన డబ్బు, ఫీజుల డబ్బు, ల్యాప్‌టాప్ డబ్బు ఇందులో పెట్టకూడదు.

మన చేతిలో ఉండేది ఖర్చు ఒక్కటే. 2013 జనవరి నుంచి ప్రతి ఫండ్‌కూ డైరెక్ట్ ప్లాన్ ఉండాలని సెబీ రూల్. అందులో మధ్యవర్తి కమిషన్ ఉండదు. చిన్న లూప్ రాసి చూశా: నెలకు 500, ముప్పై ఏళ్లు, ఏటా 12 శాతం అనుకుంటే సుమారు 17.65 లక్షలు. ఖర్చుల వల్ల 11 అయితే 14.15 లక్షలు. 12 శాతం వస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. కానీ ఆ ఒక్క శాతం తేడా మూడున్నర లక్షలు.

ఇంకో విషయం పుస్తకాల్లో కంటే మా ఊళ్లో బాగా అర్థమైంది. మిల్లు మూతపడ్డప్పుడు బాపు షాపు ఎలా నిలబడింది? నోట్‌బుక్కుల పక్కన ఆన్‌లైన్ అప్లికేషన్లు, రీచార్జ్, లామినేషన్, పాస్‌పోర్ట్ ఫోటోలు వచ్చి చేరాయి. జీతం ఎక్కడి నుంచి వస్తుందో దాచుకున్న డబ్బు కూడా అక్కడే ఉంటే, గేటు పడిన రోజు రెండూ ఒకేసారి పోతాయి. మనలో చాలామంది రేపు సాఫ్ట్‌వేర్‌లోకే పోతాం. కంపెనీ షేర్లు ఇస్తే సంతోషంగా తీసుకుంటాం. ఆ జీతంతో మళ్లీ ఐటీ షేర్లే కొంటాం, "మనకు తెలిసిన ఫీల్డ్ కదా" అని. తెలిసిన ఫీల్డే, కానీ ఒక్క మిల్లు మీద నడిచే ఊరవుతుంది అది.

ఇప్పుడు నేనేం చేస్తున్నానంటే, పెద్దగా ఏమీ లేదు. ఎఫ్ అండ్ ఓ ఆఫ్ చేశా. గ్రూప్ నుంచి బయటికొచ్చా. ఇద్దరు టెన్త్ పిల్లలకు ఆన్‌లైన్‌లో లెక్కలు చెప్తున్నా, నెలకు 3,000. అందులో 2,000 బాపుకు పంపిస్తా. పంపొద్దన్నాడు, అయినా పంపిస్తున్నా. 500 బ్యాంకులో, 500 ఒక ఇండెక్స్ ఫండ్ డైరెక్ట్ ప్లాన్‌లో. పాత ల్యాప్‌టాప్‌కు కొత్త బ్యాటరీ వేయించా. పోయిన నెల మార్కెట్ పడితే ఆపేద్దామా అనిపించింది. ఆపలేదు, కానీ అనిపించిన మాట నిజం.

బాపు ఖాతా పుస్తకంలో చివరి పేజీలో ఇప్పుడు నా పేరు కూడా ఉంది: 23,600. కింద ఇప్పటికి కట్టినవి మూడు వరుసలు.

కోడ్ కావాలంటే ఎవరైనా అడగండి, ఇస్తా. ఇప్పుడు కంపెనీల లిస్ట్ ఏ ఏడాదికి ఆ ఏడాదిదే పెట్టా. సత్యం కూడా ఉంది. ఏటా 31 శాతం మాత్రం రావట్లేదు.