పుస్తకంలో లేని సీను

మొన్న లాంగ్ వీకెండ్ మూడు రోజులూ ఇల్లు కదల్లేదు. బయట ఒకటే వాన. ఆఫీసు లాప్‌టాప్ మూసి బ్యాగులో పెట్టేశాను (నా వరకూ ఇదొక రికార్డు). రోజుకొకటి చొప్పున మూడు సినిమాలు చూశాం. అనుకుని చేసింది కాదు గానీ మూడూ పుస్తకాల్లోంచి వచ్చినవే. ఇంకా చిత్రం ఏంటంటే, మూడింట్లోనూ తండ్రీ కొడుకులున్నారు.

ముందే ఒక మాట ఒప్పేసుకోవాలి. నాకో జబ్బుంది. నవల చదివి సినిమాకి వెళ్తే చాలు, పక్కన కూర్చున్నవాళ్ళకి నరకం చూపిస్తాను. "ఇది పుస్తకంలో ఇలా లేదు", "ఇక్కడో మంచి సీనుండాలి, లేపేశాడు"... ఇలా నడుస్తూనే ఉంటుంది. మా ఆవిడ ఒకసారి విసుగొచ్చి, "మీరు సినిమా చూస్తున్నారా, కోడ్ రివ్యూ చేస్తున్నారా?" అనేసింది. ఒకరకంగా నిజమే. రెండు ఫైళ్ళు పక్కపక్కన పెట్టి డిఫ్ చూసినట్టే చూసేవాణ్ణి.

ఈ జబ్బు మా అమ్మ నుంచి వచ్చింది. యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ'ని 1976లో సినిమాగా తీస్తే, అమ్మ ఎంతో ఆశపడి వెళ్ళిందట. తను చదివినప్పుడు ఊహించుకున్న రాజశేఖరం వేరు, తెర మీద కనబడింది అప్పటికే యాభై దాటిన నాగేశ్వర్రావు. వాణిశ్రీ బాగా చేసిందని ఒప్పుకుంటుంది గానీ, "రాజశేఖరం మాత్రం రాలేదురా" అని ఇప్పటికీ అంటుంది. ఏదో ఇంటికొస్తానన్న చుట్టం రానట్టు!

సరే, అసలు విషయానికొస్తా.

మొదటి రోజు 'కొండపొలం' చూశాం. సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి నవల. 2019లో తానా బహుమతి వచ్చింది. క్రిష్ దాన్ని 2021లో సినిమా తీశాడు. ఇంజనీరింగ్ చదివి, హైదరాబాదులో ఇంటర్వ్యూలన్నీ పోగొట్టుకుని ఊరికి తిరిగొచ్చిన కుర్రాడు, కరువు రోజుల్లో తండ్రితో కలిసి గొర్రెల్ని తోలుకుని నల్లమల అడవికెళ్తాడు. అంతే కథ. ఇంటర్వ్యూలో గొంతు ఎండిపోవడం, వచ్చిన జవాబు కూడా నోట్లోంచి రాకపోవడం... అమీర్‌పేట దారుల్లో తిరిగిన మనలో ఎంతమందికి తెలీదు ఇది! నవల చదువుతుంటే కొన్నిచోట్ల నన్నే ఎవరో చూసి రాశారనిపించింది. ఇక ఆ భాష, కాపరులకి అడవి గురించి తెలిసిన విషయాలు, అవన్నీ చదివి తీరాల్సిందే.

సినిమాలో తండ్రిగా సాయిచంద్ వేశాడు. 1979లో తీసిన 'మాభూమి'లో హీరో ఈయనే. అదీ నవలే, కిషన్ చందర్ ఉర్దూలో రాసిన 'జబ్ ఖేత్ జాగే'. ఇన్నేళ్ళ తర్వాత ఇంకో నవలలో గొర్రెల కాపరిగా చూస్తుంటే ముచ్చటేసింది. ఎక్కువ మాట్లాడడు, కొడుకు వైపు చూస్తాడంతే.

కాకపోతే సినిమాలో ఓబులమ్మ అనే అమ్మాయి ఉంది. రకుల్ ప్రీత్ సింగ్ వేసింది. నవలలో ఈ అమ్మాయి లేదు, ఈ ప్రేమా లేదు. పాట బాగుంది, అమ్మాయీ బాగుంది. కానీ నాకు ఎక్కడ గుచ్చుకుందంటే, ఆ పిల్లాడికి ధైర్యం ఇవ్వాల్సింది అడవి. పక్కన నడిచే తండ్రి. ఆ పనిలో కొంత తీసుకెళ్ళి హీరోయిన్ చేతిలో పెట్టేశారు. తండ్రికి రావలసిన సీన్లు తగ్గిపోయాయనిపించింది. నేను ఊళ్ళో పెరిగినవాణ్ణి కాబట్టి నాకు కాస్త ఎక్కువే గుచ్చుకుందేమో.

"చూశారా, మళ్ళీ మొదలెట్టారు" అంది మా ఆవిడ.

రెండో రోజు 'ఒక ఊరి కథ'. 1977 సినిమా, మృణాల్ సేన్ తీశాడు. ప్రేమ్‌చంద్ రాసిన 'కఫన్' కథ దీనికి మూలం. కథ చిన్నదే, పావుగంటలో అయిపోతుంది. గుడిసెలో కోడలు పురిటినొప్పులు పడుతూ ఉంటుంది. బయట మంట దగ్గర కూర్చుని మామా, మొగుడూ కాల్చిన ఆలుగడ్డలు తింటూంటారు. లోపలికెళ్తే రెండోవాడు ఎక్కువ తినేస్తాడేమోనని ఇద్దరూ కదలరు. ఆమె చచ్చిపోతుంది. శవం మీద గుడ్డ కోసమని ఊరంతా అడిగి తెచ్చిన డబ్బుతో ఇద్దరూ తాగేస్తారు. మొదటిసారి చదివినప్పుడు ఆ రాత్రి అన్నం సహించలేదు నాకు.

ఆ ఉత్తరప్రదేశ్ పల్లె కథని సేన్ తీసుకొచ్చి తెలంగాణ పల్లెలో పెట్టాడు. తండ్రి వెంకయ్యగా వేసినాయన వాసుదేవరావు. శివరామ కారంత్ నవల మీద తీసిన కన్నడ 'చోమన దుడి'కి జాతీయ ఉత్తమ నటుడు అవార్డు ఈయనకే వచ్చింది. ఎంత బాగా చేశాడంటే, తిట్టుకుంటూనే కళ్ళు తిప్పుకోలేం.

ఇక్కడ డిఫ్ తీస్తే, కథలో ఆ కోడలు బతికుండగా మనకి కనబడదు. లోపల్నించి ఒక మూలుగు, అంతే. సినిమాలో ఆమె పేరు నీలమ్మ. మమతా శంకర్ వేసింది. పెళ్ళి చేసుకుని ఆ గుడిసెలోకి అడుగు పెడుతుంది, పని చేస్తుంది, ఆ ఇంటిని ఇల్లులా చెయ్యాలని చూస్తుంది, మామతో గొడవ పడుతుంది. ఇందులో చాలావరకు ప్రేమ్‌చంద్ సీన్లుగా రాయలేదు. అయినా ఒక్క నిమిషం కూడా "ఇది కథలో లేదు" అనాలనిపించలేదు నాకు. కథలో వినబడిన ఆ మూలుగు ఎవరిదో సినిమా చూశాక తెలిసినట్టయింది.

అప్పుడు వెలిగింది. ఇన్నేళ్ళుగా నేను డిఫ్‌లో ఎర్ర లైన్లే చూస్తున్నాను, తీసేసినవి. రెండు గంటల సినిమాలో నాలుగొందల పేజీలు పట్టవు కదా, తీసెయ్యక ఏం చేస్తారు? అసలు చూడాల్సింది పచ్చ లైన్లు, కొత్తగా చేర్చినవి. తీసినవాడు పుస్తకాన్ని ఎలా చదివాడో అక్కడే తెలుస్తుంది. ఓబులమ్మని బయట్నుంచి తెచ్చారు. నీలమ్మ కథ లోపల్నించే వచ్చింది.

ఇంతవరకు సరదాగానే ఉంది. మూడో రోజు 'ద నేమ్‌సేక్' పెట్టాం.

జుంపా లాహిరి నవల 2003లో వచ్చింది. మీరా నాయర్ సినిమా అమెరికాలో 2007 మార్చిలో రిలీజైంది. అప్పట్లో నేను న్యూజెర్సీలో ఉండేవాణ్ణి, నలుగురు రూమ్మేట్లం కలిసి వెళ్ళాం. బయటికొచ్చి కారెక్కగానే మొదలెట్టాను. నవలలో వాళ్ళుండేది బోస్టన్ వైపు, సినిమాలో న్యూయార్క్ చేశారు. అన్నిటికన్నా ఎక్కువ మండిపడింది గుండు సీను మీద. తండ్రి అశోక్ క్లీవ్‌లాండ్‌లో ఒంటరిగా ఉంటూ గుండెపోటుతో పోతాడు. సినిమాలో కొడుకు గోగోల్ సెలూన్‌కి వెళ్ళి గుండు చేయించుకుంటాడు. నవలలో అది లేదు. తన చిన్నప్పుడు తాతయ్య పోయినప్పుడు నాన్న గుండు చేయించుకోవడం గుర్తొస్తుంది, అంతే. "లాహిరి ఎంత పొదుపుగా రాసింది! ఈవిడ మన సినిమాల్లోలా ఏడిపించడానికి పెట్టింది" అని దారంతా లెక్చరిచ్చాను. రూమ్మేట్లు పాపం, పాటల సౌండు పెంచారు :)

2013లో మా నాన్న పోయారు. ఫోనొచ్చేసరికి నేను ఆఫీసులో ఉన్నాను. రెండు ఫ్లైట్లు మారి ఊరు చేరేసరికి అంతా అయిపోయింది. తమ్ముడే తలకొరివి పెట్టాడు. పదో రోజున చెరువు గట్టు మీద బాబాయి, "ఒరే, పెద్దాడివి, నువ్వు కూడా కూర్చో" అన్నాడు. నాకు పదమూడో రోజు వెళ్ళిన మర్నాడు తిరుగు ఫ్లైటు, దిగగానే క్లయింటు ముందు ప్రెజెంటేషను. "కొరివి పెట్టింది వాడు కదా బాబాయ్, వాడు చేయించుకుంటే సరిపోతుంది కదా?" అన్నాను. లాజిక్ బాగానే ఉంది. బాబాయి ఇంకేమీ అనలేదు. తమ్ముడు నా వైపు ఒకసారి చూసి, వెళ్ళి కూర్చున్నాడు.

ఆ ప్రెజెంటేషన్ రెండు వారాలు వాయిదా పడింది. అదేం గొప్ప మలుపు కాదు, మన ఉద్యోగాల్లో మామూలే.

మొన్న ఆ సీను వచ్చినప్పుడు నేను నోరెత్తలేదు. గోగోల్‌కి నాన్నతో పెద్దగా మాటల్లేవు. ఆయన పెట్టిన పేరు నచ్చక మార్చుకున్నాడు కూడా. ఆయన పోయాక ఇక ఏం చెప్పాలన్నా వినేవాళ్ళు లేరు. అప్పుడు చేతనైంది అదొక్కటే. శాస్త్రం ఏం చెప్పిందో వాడికి తెలీదు, ఎవరూ చెయ్యమనలేదు కూడా. చెయ్యమన్నవాళ్ళున్నా తప్పించుకున్నవాణ్ణి నేను. గుండు చేయించుకోకపోతే నాన్న మీద ప్రేమ లేనట్టా? కాదని తెలుసు, అలాంటి లెక్కలు నేను నమ్మను కూడా. నవల్లో గోగోల్ చేయించుకోలేదు, వాడి దుఃఖం ఏమీ తక్కువ కాలేదు. కానీ 2007లో నేను ఓవర్ అని కొట్టేసిన సీను పుస్తకం లోపల్నించే వచ్చిందని ఇప్పుడు తెలిసింది. లాహిరి ఒక జ్ఞాపకంగా వదిలేసినదాన్ని పట్టుకుని, ఆ జ్ఞాపకం కొడుకు చేత ఏం చేయిస్తుందో చూపించింది మీరా నాయర్. అశోక్‌గా వేసిన ఇర్ఫాన్ ఖాన్ కూడా 2020లో పోయాడు. ఆయన కనబడిన ప్రతిసారీ సినిమా ఇంకాస్త బరువెక్కింది.

సినిమా అయ్యాక మా ఆవిడ, "ఏంటి, ఈసారి తేడాలు చెప్పలేదు?" అంది. "బోస్టన్‌ని న్యూయార్క్ చేశారు" అన్నాను.

చెప్పొచ్చేదేంటంటే, 'కొండపొలం' సినిమా చూసినా చూడకపోయినా నవల మాత్రం చదవండి. 'ఒక ఊరి కథ' దొరికితే వదలకండి, కాకపోతే రాత్రి భోజనం అయ్యాక చూడండి. 'నేమ్‌సేక్' రెండూ కావాలి, ఏది ముందైనా ఫర్లేదు.

ఆ రాత్రి తమ్ముడికి ఫోన్ చేశాను. సినిమా సంగతి ఎత్తలేదు. అమ్మ మోకాళ్ళ నొప్పులు, వాళ్ళ బాబు స్కూలు ఫీజులు, ఊళ్ళో వానలు... ఓ అరగంట మాట్లాడుకున్నాం. "ఏంటన్నా, ఊరికే చేశావా?" అన్నాడు పెట్టేసేముందు.

ఊరికే అన్నాను.