మనోవైద్య విభాగమున రెండు వారములు

దేహమునకు వ్యాధి కలిగినచో నాడి చూతుము, రక్తము పరీక్షింతుము, ఎక్స్‌రే తీయింతుము. మనస్సునకు వ్యాధి కలిగినచో దేనిని చూడవలెను? ఈ ప్రశ్నతోనే మేము తిరుపతి రుయా ఆసుపత్రి మనోవైద్య విభాగమున ప్రవేశించితిమి.

1960వ సంవత్సరమున స్థాపితమైన శ్రీ వేంకటేశ్వర వైద్య కళాశాల విద్యార్థులకు ఈ యాసుపత్రియే శిక్షణాలయము. ఎం.బి.బి.ఎస్. పరీక్ష ముగిసిన పిమ్మట ఒక సంవత్సరము హౌస్ సర్జనులుగా వివిధ విభాగములందు పనిచేయవలెను. 2021 నాటి నిబంధనల ప్రకార మందులో మనోవైద్యమునకు రెండు వారములు.

మొదటి వారముననే పాకాల ప్రాంతమునుండి ఒక అత్తగారు తన కోడలిని తోడ్కొని వచ్చిరి. ప్రసవమై రెండు మాసములు. ఆమె నిద్రింపదు, భుజింపదు, బిడ్డ నెత్తుకొనదు. “గాలి సోకినట్టుండాది, సామీ. తాయెత్తు కట్టించినా తగ్గలేదు” అని అత్తగారు చెప్పిరి. మేము వివరములన్నియు వ్రాసికొంటిమి. ఇక నొక్క ప్రశ్న మిగిలెను. చావు మాట యెత్తినచో లేని తలంపు పుట్టునేమో యను సంశయమును ఆచార్యుల ముందుంచితిమి. అడిగినంత మాత్రమున ఆ తలంపు పుట్టదనియు, ఉన్నచో బయటపడి రక్షించుటకు వీలగుననియు వారు బోధించిరి.

అంతట మాలో నొకరు ఆమె ప్రక్కన కూర్చుండి, “అమ్మా, ఇంక బతకొద్దు అనిపిస్తా ఉందా?” అని మెల్లగా నడిగిరి. చాలసేపు మౌనము. పిదప ఆమె తల యూచి యేడ్చెను. అత్తగారు నిర్ఘాంతపోయి, కోడలి చేయి పట్టుకొని, “ఒక్క మాట నాతో చెప్పకపోతివే, తల్లీ” అనిరి.

ఇది కాన్పు తరువాత కొందరు తల్లులకు కలుగు కుంగుబాటు. గాలియు గాదు, సోమరితనమును గాదు. ఆ దినమే ఆమెను చేర్చుకొని, ఒంటరిగా విడువరాదని అత్తగారికి చెప్పితిమి. ఇట్టి మందులు గుణమిచ్చుటకు కొన్ని వారములు పట్టును. మా గడువు ముగియునాటికి ఆమె పూర్తిగా కోలుకొనలేదు. కాని బిడ్డ పాలు త్రాగెనా యని అడుగ నారంభించెను.

1860 నాటి శిక్షాస్మృతి ఆత్మహత్యాయత్నమును నేరముగా నెంచెను. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము అట్టివారిని తీవ్రమైన ఒత్తిడిలో నున్నవారిగా భావించి, శిక్షకు మారుగా సంరక్షణ కల్పింపవలెనని విధించెను. కావున దాచిపెట్టవలసిన పనిలేదు.

మీ యింటనో తరగతిలోనో ఒకరు మాటలు మానినచో హేళన చేయకుడు. ప్రక్కన కూర్చుండి అడుగుడు, వినుడు, పెద్దలకు తెలుపుడు. 2022లో ఆరంభమైన టెలీమానస్‌కు 14416 సంఖ్యపై ఉచితముగా ఫోను చేసి తెలుగులోనే మాటలాడవచ్చును. వైద్యము డాక్టరు చేయవలెను. అడుగుటకు మాత్రము డాక్టరు కానక్కరలేదు.