అవ్వ అడిగిన పాట

చెవుల్లో పెట్టిన ఇయర్‌ఫోన్లు తీసి దిండు పక్కన పెట్టేసింది మా అవ్వ.

‘‘బాగుండాదిలే నాయనా. ఇంగ నువ్వొకటి పాడు’’ అంది.

నేను పాడలేకపోయాను.

అప్పటికి ఆమె మంచం పట్టి నెల రోజులైంది. హైదరాబాద్ నుంచి సెలవు పెట్టి వస్తూ ఆమెకు ఇష్టమైన దాసుల పదాలన్నీ ఫోన్లో నింపుకొచ్చాను. అన్నీ పేరున్న విద్వాంసులు పాడినవే. సంగీతం మీదా, సినిమాల మీదా పత్రికలో రాసేవాణ్ని కదా, ఏది మంచిదో ఏరడం నాకు బాగా తెలుసనుకునేవాణ్ని. పాడటం మాత్రం నా పని అని ఎన్నడూ అనుకోలేదు.

మాది చిప్పగిరి దగ్గర పల్లె. ఆదోని, ఆలూరు తాలూకాలు ఒకప్పుడు బళ్లారి జిల్లాలో ఉండేవి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఇటు వచ్చాయి. జిల్లా మారింది కానీ నాలుక మారలేదు. మావాళ్లు తెలుగులో పోట్లాడుకుంటారు, భజనలో కూర్చుంటే కన్నడంలో పాడుకుంటారు.

ఆ పాటలకు పెద్దదిక్కు విజయదాసు. 1682లో ఇప్పటి రాయచూరు జిల్లాలోని చీకలపర్విలో పుట్టారు. చివరి రోజులు చిప్పగిరిలో గడిపి, 1755లో కార్తీక శుద్ధ దశమి నాడు ఇక్కడే కన్నుమూశారు. ఏటా ఆ తిథికి ఊళ్లో ఆరాధన జరుగుతుంది. కటిక పేదరికం చూసిన మనిషి అని చెబుతారు. ఒక్కో భాగం ఒక్కో తాళంలో నడిచే సుళాదులకు ఆయన పెట్టింది పేరు.

ఆయన గురించి అవ్వ ఒక కథ చెప్పేది. మాన్విలో శ్రీనివాసాచార్యులని గొప్ప సంస్కృత పండితుడు ఉండేవాడట. విజయదాసు భోజనానికి పిలిస్తే, కన్నడంలో పాడుకుంటూ తిరిగే దాసుడి పంక్తిలో తాను కూర్చోవడమేమిటని కడుపునొప్పి సాకు చెప్పాడట. తర్వాత నిజంగానే ఆ నొప్పి పట్టుకుంది. ఎన్ని చేసినా తగ్గక చివరికి ఆ దాసుడి దగ్గరికే వస్తే, ఆయన తన శిష్యుడు గోపాలదాసు దగ్గరికి పంపారట. ఆ పండితుడే తర్వాత జగన్నాథదాసై, కన్నడంలోనే ‘హరికథామృతసార’ రాశాడు.

చిన్నప్పుడు కడుపునొప్పి దగ్గర పడీపడీ నవ్వేవాణ్ని. ఆ పండితుడికీ నాకూ పోలిక ఉందని తెలియడానికి ముప్పై ఏళ్లు దాటాయి.

సినిమాల విషయంలోనూ అంతే. 1980లో వచ్చిన ‘శంకరాభరణం’ అంటే మా నాన్నకు ప్రాణం. ఎన్నిసార్లు చూశాడో ఆయనకే లెక్క లేదు. డిప్లొమా చదువుకుని వచ్చిన కొత్తలో, ‘‘అది అసలు శాస్త్రీయ సంగీతం కాదు నాన్నా, సినిమా కోసం తేలిక చేసింది’’ అని వాదించాను. ఆయన ఏమీ అనలేదు. ఆ తర్వాత నేనుండగా ఆ పాటలు పాడటం మానేశాడు. నేను గెలిచాననుకున్నాను. ఇప్పుడు తల్చుకుంటే సిగ్గేస్తుంది.

అవ్వకు ఈ తగాదాలు పట్టవు. రాజ్‌కుమార్ రాఘవేంద్రస్వామిగా నటించిన ‘మంత్రాలయ మహాత్మె’ (1966) బళ్లారిలో చూసొచ్చి, జీవితమంతా చెప్పుకుంది. ‘‘సినిమాను ఇంటికి తెచ్చుకోనీకి కాదు. పాటనైతే తెచ్చుకోవచ్చు’’ అనేది.

కన్నడంలో ‘సుగ్గి’ అంటే కోతల కాలం, పంట ఇంటికొచ్చే పండగ. మా పల్లెల్లో ‘సుగ్గికి పోయినారు’ అంటే మాత్రం ఇంటికి తాళం వేసి, పిల్లాజెల్లాతో గుంటూరు వైపు మిరప కోతలకు వలసపోయారని అర్థం. వానలు మొహం చాటేసిన నేల మీద పండగ మాట కాస్తా వలస మాటయింది. అవ్వ చాలా ఏళ్లు సుగ్గికి పోయింది. మిరప ఘాటుకు చేతులు భగభగ మండుతుంటే పాటలు పాడుకునేవాళ్లట.

‘‘పాడితే మంట తగ్గేదా అవ్వా?’’ అనడిగాను ఒకసారి.

‘‘యాడ తగ్గుతాది? మంట మంటే. పక్క సాలులో ఉండేటోళ్లు అందుకుంటారు కదా. నేనొక్కదాన్నే లేనులే అనిపిస్తాండె.’’

సంగీతం బాధను మరిపిస్తుందని నేనూ చాలాసార్లు రాశాను. అవ్వ మాట విన్నాక ఆ వాక్యం రాయడం మానేశాను. పాటలున్నాయి కదా అని వలసను అందంగా చూపించడం కూడా నాకిష్టం లేదు. ఆ సుగ్గి వల్లే మా నాన్న చదువు అయిదో తరగతితో ఆగింది. పాట కూలి పెంచలేదు, అప్పు తీర్చలేదు. అది చేసిందల్లా పక్క సాలులో మనిషి ఉన్నాడని చెప్పడం. సుఖమంటే అంతకన్నా పెద్దదేదో ఉందని నేను చాలాకాలం పుస్తకాల్లో వెతికాను. ఇప్పుడు వెతకడం లేదు.

ఆ రోజు నేను నోరు తెరవకపోయేసరికి అవ్వే సన్నగా అందుకుంది. ఒక పాదం పాడి ఆగింది, నేను అందుకుంటానని. పుట్టినప్పటి నుంచీ వింటున్న పాట. నాకు చివరి మాట ఒక్కటే గుర్తుంది. అదే అన్నాను. ఆమె నవ్వి మళ్లీ మొదటి నుంచి పాడింది. నాలుగు రోజుల తర్వాత పోయింది.

ఆ ఏడు కార్తీకంలో ఆరాధనకు చిప్పగిరి వెళ్లాను. రాయడానికి కాదు, ఊరికే. భజనలో వెనక వరసలో కూర్చున్నాను. నా పక్కనున్న పెద్దామె ఒక పాదం పాడి నా వైపు చూసింది. అందుకున్నాను. శృతి తప్పింది. ఎవరూ తల తిప్పి చూడలేదు. తర్వాతి పాదానికి మళ్లీ నా వైపే చూసింది.

ఇప్పుడు ఆదివారం పూట మా అత్తకు ఫోన్ చేసి అవ్వ పాట నేర్చుకుంటున్నాను. రెండు చరణాలు వచ్చాయి. మూడోది అత్తకూ గుర్తులేదు. నా ఫోన్లో రెండు వందల పాటలున్నాయి, అందులో అవ్వ గొంతు లేదు.

మీ ఇంట్లో పెద్దవాళ్లు పాడుకునే పాట ఏదైనా ఉంటే ఈ రోజే అడగండి. ఫోన్లో రికార్డు చేసుకోండి, తప్పులేదు. అంతకన్నా ముందు, పక్కన కూర్చుని ఒకసారి వాళ్లతో కలిసి పాడండి.