బెజవాడ ఎండ.. విశాఖ ఉక్క

పొద్దున్నే బెజవాడలో రత్నాచల్ ఎక్కితే మధ్యాహ్నానికల్లా విశాఖపట్నంలో దిగొచ్చు. మధ్య దూరం 350 కిలోమీటర్లు. రెండూ కోస్తా ఊళ్లే. కానీ మే నెలలో ఆ ప్రయాణం చేసి చూడండి.. ఒంటికి వేరే దేశం వచ్చినట్టుంటుంది!

అమ్మది బెజవాడ, నా ఉద్యోగం విశాఖలో. రెండేళ్ల కిందట అమ్మకి వడదెబ్బ తగిలింది. సెలైన్లు ఎక్కాక గానీ తేరుకోలేదు. 'ఇక ఎండాకాలం నా దగ్గరే' అని పట్టుబట్టి తీసుకొచ్చేశాను. ఆ రోజు పేపర్లో బెజవాడ 43, విశాఖ 35. ఎనిమిది డిగ్రీలు తక్కువ, ఇంకేం కావాలి?

వారం తిరక్కుండానే అమ్మ సణుగుడు మొదలైంది. 'అక్కడ మాడుస్తుందే, ఇక్కడ ఉడకబెడుతోంది. చీర ఒంటికి అతుక్కుపోతోంది. కుండలో నీళ్లు కూడా చల్లబడవేంటే?'

అసలు కిటుకు కుండలోనే ఉంది. పైన ఊరిన చెమ్మ ఆవిరైతేనే లోపలి నీళ్లు చల్లబడతాయి. మన చెమటదీ అదే లెక్క. బెజవాడ నుంచి బందరు తీరం 70 కిలోమీటర్లు. వేసవిలో పడమటి నుంచి పొడిగా వడగాలి కొడుతుంది. చెమట ఇట్టే ఆరిపోతుంది, కూలర్ పెడితే గది చల్లబడుతుంది. విశాఖలో నేల వేడెక్కగానే సముద్రం మీది గాలి ఒడ్డుకు తిరుగుతుంది. ఎండను అదుపులో పెట్టేదీ అదే, తేమను మోసుకొచ్చేదీ అదే. అందుకే కూలర్ ఇక్కడ ఉత్త ఫ్యాను! మాగాయ ముక్కలు మేడ మీద నాలుగు రోజులు పెట్టినా గలగలలాడలేదు. అప్పడాలు డబ్బాలోనే మెత్తబడ్డాయి.

అలాగని బెజవాడకే ఓటు వెయ్యలేను. ఆరిపోయిన చెమట కనిపించదు కాబట్టి ఒంట్లో నీళ్లు ఎంత పోయాయో తెలీదు. అమ్మ పడిపోయింది అలాగే. 2015 మే వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యిమందికి పైగా చనిపోయారు. వానాకాలం మాటంటారా, ఎవరి భయం వాళ్లది: విశాఖకు 2014 అక్టోబరు నాటి హుద్‌హుద్, బెజవాడకు 2024 సెప్టెంబరు నాటి బుడమేరు.

ఈ ఏడాది అమ్మ తనే ఓ దారి చూసుకుంది. ఏప్రిల్‌లో బెజవాడ ఎండలోనే మాగాయ ముక్కలు ఎండబెట్టి, ఊరగాయ కలిపి, జాడీతో సహా రత్నాచల్ దిగింది. నేను కుండ అటక మీద పెట్టేసి, ఫ్రిజ్‌లో సీసాలు నింపి ఉంచాను.